పాత ఊక

ఎలుకల మందును నిషేధించాక ప్రతి రైసుమిల్లూ ఒక జెర్రిపోతును పెంచి తీరాలని చట్టం వచ్చింది. మండపేట మిల్లులో పాము బాధ్యత గవరమ్మది.

కిందటి వారం ప్రభుత్వం కొత్త గాజుపెట్టె పంపింది. అడుగున తెల్లటి కాగితపు పరుపు, పైన మాట్లాడే యంత్రం. ఆరు రోజులుగా పాము ఎలుకను ముట్టలేదు. "పాముకు జబ్బు చేసింది, వెనక్కి పంపండి" అని పెట్టె గంటకోసారి అంటూనే ఉంది.

తీసుకుపోవడానికి ఇన్‌స్పెక్టరు సంచి పట్టుకుని వచ్చాడు.

"జబ్బూ లేదు, గిబ్బూ లేదండి. దానికి ఇల్లు కొత్త, అంతే" అంటూ గవరమ్మ యంత్రం నోరు కట్టేసింది. పాత పెట్టెలోంచి నాలుగు దోసిళ్ల ఊక తెచ్చి కొత్త పరుపు మీద చల్లింది. గాజు మీద గోనెపట్టా కప్పింది. "రెండ్రోజులు దీని జోలికెవరూ రాకండి. అదే తింటది."

"రూల్సు ఒప్పుకోవమ్మా."

"తమరీ ఊరొచ్చి ఎన్నాళ్లయింది బాబూ?"

"నెల."

"కడుపునిండా తింటన్నారా?"

ఇన్‌స్పెక్టరు ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"ఎల్లుండి వస్తాను."

"రండి బాబూ. అదీ తింటది, మీరూ తిందురుగాని."