మెట్ల మీంచి పడ్డాను

లాయరు ఆఫీసు పై అంతస్తులో ఉంది. మా చుట్టాలమ్మాయి దువన్ రెండేసి మెట్ల చొప్పున చకచకా ఎక్కేసింది.

చేపల ఫ్యాక్టరీలో అరిగిపోయిన నా మోకాళ్ళను తిట్టుకుంటూ నేను వెనకాల చేరాను.

మెట్లంటే దానికి లెక్కే లేదు. థాయ్‌లాండ్‌లో మా వైపు ఇళ్ళన్నీ గుంజల మీదే ఉంటాయి. నడక సరిగ్గా రాకముందే మెట్లు దిగడం వచ్చేస్తుంది మాకు.

లాయరు పేరు ట్రీనె. ఈ డెన్మార్క్‌లో రాజుగారిని తప్ప అందరినీ నువ్వనే అంటారు కాబట్టి, ఆమె కూడా కూర్చోగానే నువ్వులోకి దిగింది.

"చూడు దువన్. హెన్నింగ్ భార్యగా వచ్చావు. అతన్ని వదిలేశావు కాబట్టి ఇక్కడ ఉండే ఆ పర్మిట్ పోతుంది. అతను కొట్టడం వల్లే బయటికొచ్చావని రుజువు చూపిస్తే ఉండనిస్తారు. లేదంటే వేసవిలోపు వెళ్ళిపోవాలి."

నేను అదంతా దువన్‌కు థాయ్‌లో చెప్పాను.

"వెళ్తే మాత్రం ఎక్కడికక్కా?" అంది దువన్. "చలికాలం వస్తే ఆయన మా ఊళ్ళోనే ఉంటాడు. అమ్మకి అల్లుడంటే ప్రాణం."

ట్రీనె కంప్యూటర్ తెర మా వైపు తిప్పింది. దువన్ దెబ్బల గురించి డాక్టరు రాసుకున్నవి.

పక్కటెముక. మణికట్టు. పెదవి. ప్రతిదాని పక్కనా ఒకటే మాట. మెట్ల మీంచి పడ్డాను.

"ఇది నువ్వు చెప్పిందే కదా?"

దువన్ ఒళ్ళో చేతులు చూసుకుంటూ నాతో అంది. "పరాయివాళ్ళ ముందు మొగుడి పరువు ఎలా తీయనక్కా? మా ఊళ్ళో ఎవరికి దెబ్బ తగిలినా మెట్ల మీంచే కదా పడేది. నోటికి అదే వచ్చింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీదా, దీని మీదా.

"ఏ మెట్లే?" అన్నాను. "మీ ఇంటికి మెట్లెక్కడ ఏడ్చాయి? గడప కూడా లేదు కదే."

ఎర్ర ఇటుకల ఇల్లు, ఒకటే అంతస్తు. ఆ వీధి పొడుగునా అవే ఇళ్ళు. అక్కడ నేల కూడా పళ్ళెంలా చదునుగానే ఉంటుంది. పిలవందే ఎవరింటికీ ఎవరూ పోరు. కంచెల మొక్కలు మాత్రం నున్నగా కత్తిరించి ఉంటాయి. దువన్ కాపురానికొచ్చాక ఆ ఇంటికి భోజనానికి వెళ్ళిన చుట్టాన్ని నేనొక్కదాన్నే. అదీ ఒక్కసారి.

ఈ సంగతి డేనిష్‌లో చెప్పేసరికి ట్రీనె నిటారుగా కూర్చుంది. దువన్‌ను అడిగి, అక్కడికక్కడే అవి రాసిన డాక్టర్ బ్రూన్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"దువన్ ఒప్పుకుంది కాబట్టే అడుగుతున్నాను. వాళ్ళ ఇల్లు నీకు తెలుసా?"

"తెలుసు. మాదీ అదే వీధి."

"ఆ ఇంటికి మెట్లున్నాయా?"



"లేవు. మా వీధిలో ఏ ఇంటికీ లేవు."

"ఆ సంగతి నీకెప్పుడు తోచింది?"

"మొదటిసారే."

అదంతా రాసివ్వగలవా అని ట్రీనె అడిగింది. ఇస్తానన్నాడు.

"ఇక కేసు నిలబడుతుంది," అంది ట్రీనె ఫోన్ పెట్టేసి. మా ఇద్దరికీ ఫ్లాస్కులోంచి కాఫీ పోసింది.

"ఏమన్నాడక్కా?"

"రాసిస్తాడట. నువ్వు ఇక్కడే ఉండొచ్చే పిచ్చిదానా."

మిగతాది నేను థాయ్‌లో చెప్పలేదు.

దిగేటప్పుడు దువన్ మెట్ల సగంలో ఆగింది. పక్కనున్న రెయిలింగ్ పట్టుకుంది.

"మొదటిసారే అన్నాడు కదూ."

అంత డేనిష్ దానికి వచ్చనుకోలేదు నేను.

"ప్రతిసారీ ఆ డాక్టరు నన్ను తలుపు దాకా దిగబెట్టేవాడక్కా," అంది. "ఇంట్లో మెట్ల దగ్గర జాగ్రత్త అని చెప్పి పంపేవాడు."