పదకొండో గెడ

మా బ్యూఫర్ట్ పాయలో రొయ్యలకి ఎర వేసిన చోటల్లా గుర్తుగా గెడ పాతుతాం; ఒక లైసెన్సుకి పది గెడలే పాతాలి. లెమ్యూల్ పదకొండు పాతాడు. రెండుసార్లు లెక్కపెట్టాను. అతని వల నిండుతోంది, నాది ఖాళీ. కడుపు మండి, వేట నిబంధనలు చూసే వార్డెనుకి ఫోన్ చేశాను. వార్డెన్లొచ్చి లెమ్యూల్ రొయ్యలు పట్టుకుపోయారు, లైసెన్సూ లాక్కున్నారు.

సాయంత్రం లెమ్యూల్ భుజాన గెడతో మా గుమ్మంలోకొచ్చాడు.

"ఒరేయ్ అమోస్, గెడ గట్టిగా దిగ్గొట్టడం ఎప్పుడు నేర్చుకుంటావురా? నీదొకటి పోటుకి కొట్టుకొచ్చేసింది. సముద్రంలోకి పోతుందేమోనని నావాటి పక్కన పాతాను."

నావి నేను లెక్కపెట్టుకోనే లేదు.

"నాదని చెప్పకపోయావా?"

"చెబితే నీ లైసెన్సూ పోయేది. వాళ్ల పడవ దగ్గరికొచ్చేలోపే గెడకున్న నీ లైసెన్సు నంబరు బిళ్ల పీకి జేబులో వేసుకున్నా."

బిళ్ల నా చేతిలో పెట్టాడు.

"జాగ్రత్తరా. మన రేవులో ఫోన్లు చేసే వెధవ ఎవడో ఉన్నాడు."