ఈల ఎవరి మెడలో?

“వదినా, సాయంత్రం మీటింగులోపు ఆ పుస్తకం తీసెయ్.”

మరిది గొంతు తగ్గించి అన్నాడు. లైబ్రేరియన్ తలెత్తకుండా పుస్తకాలకు ముద్రలు వేసుకుంటోంది. ఆమె మెడలో స్టీలు ఈల వేలాడుతోంది.

ఎగువ ఫ్యాక్టరీ వాగును పూడ్చేసింది. వానలు కూడా మునుపటిలా లేవు. నెల వాన ఒక్క పూటలో విరుచుకుపడుతోంది. వీధి మునుగుతోంది. నీళ్ళు రాగానే ఈల ఊది అందర్నీ మేడలెక్కించేది ఆమే. ఈల ఎవరి మెడలో ఉంటే వాళ్ళే వీధికి పెద్ద. వాగు తిరిగి తవ్వించమని పోరాటం నడిపేదీ వాళ్ళే.

“తీసి ఎక్కడ పెట్టను?”

“బీరువాలో పెట్టి తాళం వెయ్. రేపు వాగు సంగతి విచారణకి అధికారి వస్తున్నాడు. ఆయన కంట్లో పడిందనుకో, అంతే సంగతులు.”

“పడనీ.”

“పిల్లలు కూడా చదివేస్తున్నారు వదినా!”

“లైబ్రరీకొచ్చి చదవక గోళీలాడతారా?”

మరిదికి నవ్వు రాలేదు. “అసలు నువ్వు చదివావా?”

“రెండుసార్లు. రెండుసార్లూ నిద్రపట్టలేదు.”

“మరింకేం?”

“పోయినేడు మనం గీసిన వరద మ్యాపుని ఫ్యాక్టరీవాళ్ళు ఈ గోడ మీంచి పీకేశారు. అప్పుడు నేనేమన్నాను?”

“ఏది నమ్మాలో చదివేవాళ్ళే తేల్చుకుంటారన్నావు,” గొణిగాడు మరిది. “కానీ వీధంతా మండిపడుతోంది. నీ మెడలో ఆ ఈల ఉండనివ్వరు.”

ఆమె ఇంకో ముద్ర వేసింది. ఈసారి వంకరగా పడింది.

సాయంత్రానికి రీడింగ్ రూమ్ నిండిపోయింది. గోడల మీద నడుమెత్తున పాత వరద మరక. ఎవరూ కూర్చోలేదు.

“తీస్తావా, తియ్యవా?” టైలరమ్మ సూటిగా అడిగింది.

లైబ్రేరియన్ ఈల తీసి బల్ల మీద పెట్టింది.

“ఇది మీరిచ్చిందే పిన్నీ, తీసుకోండి. పుస్తకం మాత్రం షెల్ఫులోనే ఉంటుంది. నచ్చకపోతే జవాబు రాయండి. దాని పక్కనే పెడతాను.”

టైలరమ్మ ఈల అందుకుంది. కాసేపు చేతిలో తిప్పింది. తర్వాత ముందుకొచ్చి మళ్ళీ ఆమె మెడలోనే వేసింది.

“జవాబు నేను చెప్తా, నువ్వు రాద్దువుగాని. ముందా పుస్తకం ఇలా తే.”

మరిదే వెళ్ళి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. టైలరమ్మ కళ్ళజోడు సర్దుకుని పుస్తకాన్ని వెనక్కి తిప్పింది.

వెనక అట్ట మీద, రచయిత ఫొటోలో, ఫ్యాక్టరీ యజమాని నవ్వుతున్నాడు.