రిబ్బను రంగు

"అంచు వెంబడే కోయండి కొత్తగారూ. కత్తెర లోపలికి పోనివ్వకండి, పాపం మేకపిల్ల!" అంది టీచరు.

మాంసం కొట్టాయన చేయి ఆగిపోయింది.

మీసాలు రాకముందు నుంచీ కత్తి పట్టిన చేయి అది. ఏనాడూ గురి తప్పి ఎరగదు. ఇప్పుడు కంప్యూటరులో, ఫోటోలోని మేకపిల్ల చుట్టూ మౌసు జరపమంటే తప్పింది. గీత వంకర పోయి చెవి ఊడిపోయింది.

'చెవి తెగింది' అని టైపు చేశాడు. ఆయన తెర ఆమెకు కనబడదు; మేకపిల్ల ఫోటో అని ఆయన రాసి చెప్పిందే ఆమెకు తెలుసు.

"ఏం పర్లేదండీ. పైన వెనక్కి తిరిగిన బాణం గుర్తుంది చూడండి. నొక్కండి, వచ్చేస్తుంది."

నొక్కాడు. చెవి వచ్చేసింది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ అడిగాడు: 'ఎంత వెనక్కి వెళ్లొచ్చు?'

"ఫైలు మూసేదాకా ఎంతైనా వెళ్లొచ్చు. మూసేశాక మాత్రం ఇక కుదరదు."

ఆ రోజు నుంచి ఆయన ఆ ఫైలు మూయలేదు. కంప్యూటరు ఆపనివ్వలేదు. ఫ్యాను గాలి దానివైపే తిప్పి పెట్టాడు.

అది జంతువుల ఫోటోలకు రంగులద్దడం నేర్పే క్లాసు. ఎవరింట్లో వాళ్లు కూర్చునే నేర్చుకోవచ్చు. దాని సంగతి కనిపెట్టింది భార్య, చేరింది ఆయన. సాయంత్రం కొట్టు కట్టేసి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని కూర్చునేవాడు.

"కంప్యూటరుకి వాసన తెలీదు లెండి," అనేది భార్య. ఆయన మళ్లీ కడుక్కునేవాడు.

"ఉన్న రంగే వేసేదానికి ఫోటో ఉండనే ఉందిగా!" అనేది టీచరు. "మీ లోపల ఏ రంగుంటే అది వేయండి." ఆ మాట పట్టుకుని రిటైరైన లైన్‌మన్ తన గేదెకు నారింజరంగు పులిమాడు. కుట్టుపని ఆవిడ పిల్లికి చిలకపచ్చ చారలు తేలాయి.

అందరి మొహాలూ తెర మీద కిటికీల్లో కనబడేవి. ఈయన కిటికీ ఒక్కటే నల్లగా ఉండేది. పేరు రాయమన్న చోట 'కొత్త విద్యార్థి' అని ముందే ఉంటే, అలాగే వదిలేశాడు. దాంతో అందరికీ కొత్తగారయ్యాడు.

"ఇవాళైనా మొహం చూపిస్తారా కొత్తగారూ?" అంది కుట్టుపని ఆవిడ. "మాకు దెయ్యంతో కలిసి చదువుకుంటున్నట్టుంది."

'కెమెరా పాడైంది. మైకు కూడా.'

"రెండూ నిక్షేపంలా ఉన్నాయి," అంది వెనక నుంచి భార్య. "పాడైంది మనిషే."

ఆఖరి క్లాసులో ఎవరి బొమ్మ వాళ్లు చూపించాలి. అప్పటికి ఆ మేకపిల్ల సరిగ్గా రావాలి. టీచరు దాన్ని చూడాలి. ఆయనకు కావలసింది అంతే.

తల్లి చచ్చిపోతే సీసాపాలతో ఇంట్లోనే పెరిగిన పిల్ల అది. కుక్క కరిచి ఎడమ చెవి కొస పోయింది. మెడలో ఎప్పుడూ రిబ్బను. ఒక పెద్ద విందుకు మాంసం ఒప్పుకుని, మేకలు చాలక, తెల్లవారకముందే దాన్ని కొట్టుకు తోలుకుపోయాడు. పొద్దున్నకి పెరట్లో గుంజ, గుంజకి తాడు. అంతే మిగిలాయి. ఆ తర్వాత ఆ ఇంట్లో గడప మీద గంతుల చప్పుడు లేదు. కొన్నాళ్లకు ఇంట్లో ఇద్దరే మిగిలారు.

"నాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది," అంది భార్య.

"చెప్తే మీరెవరూ ఒప్పుకోరనేగా చెప్పలేదు."

"అది పోయి ఎన్నేళ్లయింది! ఇప్పుడు బొమ్మకి రంగులేస్తే తిరిగొస్తుందా?"

ఆయన మౌసు వదిలేశాడు.

"దానికి నేనంటే భయముండేది కాదు," అన్నాడు. "ఈ చేతుల మీదే తల పెట్టుకుని నిద్రపోయేది."

భార్య కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది. దుమ్మేమీ లేదు.

"ఒళ్లంతా నాకు తోచిన రంగు వేస్తా. రిబ్బను మాత్రం ఉన్న రంగే పడాలి," అన్నాడు. "ఫోటో వెలిసిపోయింది. ఏ రంగది?"

"ఎరుపేమో. రోజూ మీ కాళ్లకి అడ్డం పడేదేగా, మీకు గుర్తు లేదా?"

లేదు. ఎంత తవ్వుకున్నా లేదు. ఎరుపే వేశాడు.

ఆఖరి క్లాసు రానే వచ్చింది. నారింజ గేదెకు చప్పట్లు కొట్టారు. చారల పిల్లిని చూసి నవ్వారు.

"ఇక మన కొత్తగారు!" అంది టీచరు.

బొమ్మ పంపాడు. అందరి తెరల మీదా ఒక్కసారిగా మేకపిల్ల నిలబడింది. ఒళ్లంతా ఊదా, కాళ్లు పసుపు, కొస తెగిన చెవి బంగారు రంగు, మెడలో ఎర్ర రిబ్బను.

"అమ్మో, దెయ్యం భలే వేసిందే!" అంది కుట్టుపని ఆవిడ. అందరూ నవ్వారు.

టీచరు నవ్వలేదు. ఆమె కిటికీలో కదలిక లేదు.

"నెట్టు పోయినట్టుంది," అన్నాడు లైన్‌మన్. "టీచర్, వినపడుతోందా?"

నెట్టు పోలేదు. ఆమె రెప్పలు కొట్టుకుంటూనే ఉన్నాయి. వెనక భార్య వచ్చి ఆయన భుజం గట్టిగా పట్టుకుంది. ఆయన వేలు మైకు గుర్తు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

టీచరు తెరకు దగ్గరగా వంగింది.

"రంగులన్నీ బాగున్నాయి... నేను కట్టింది నీలం రిబ్బను, నాన్నా."