ఎవరి పేరు మీద?

"ఎవరి పేరు మీద?"

జెనోబియా తలెత్తకుండానే అడిగింది. కొండల మీది గనుల ఊరు పొతోసిలో, ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు కిటికీలో కూర్చుని ఆమె రోజూ అడిగే ప్రశ్నే. అక్కడ రోగికి రక్తం కావాలంటే అయినవాళ్లే వచ్చి ఇవ్వాలి, వచ్చినవాళ్లు రోగి పేరు చెప్పాలి.

"ఎవరికైనా సరే, తల్లీ."

ఈసారి తలెత్తింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్న గని కార్మికుడు. బుగ్గలో గనివాళ్లు అలసట తెలియకుండా నమిలే కోకా ఆకు. ఎడమ చెవి సగం లేదు.

"ఎవరికైనా ఏంటి? రోగి పేరు చెప్పు."

"తెలీదమ్మా. చాన్నాళ్లకి ఊళ్లోకొచ్చా. ఇచ్చిపోదామని..."

"ఎంతకి?"

అతనికి అర్థం కాలేదు.

"ఎంతకి అమ్ముతున్నావయ్యా? లోపల ఎవరి ప్రాణమో పోతుంటే గేటు దగ్గర బేరాలాడేవాళ్లని రోజూ చూస్తున్నా. సిగ్గు లేదూ?"

అతని ముఖం చిన్నబోయింది.

"అసుంతా సిస్టర్ ఉన్నారా? ఆవిడకి నేను తెలుసు."

"ఆవిడ రిటైరైపోయింది. పాత పేర్లు చెప్పి నన్ను బుట్టలో వేయకు. ఫెర్మీన్! ఇతన్ని బయటికి పంపు."

కాపలాదారు ఫెర్మీన్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆ మనిషి ఎదురు చెప్పలేదు. ఆమె ముఖం ఒకసారి చూసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఫెర్మీన్ తిరిగొచ్చి కిటికీకి ఆనుకున్నాడు.

"సిస్టర్, సాంతాక్రూజ్ వాళ్లకి ఏం చెప్పారు?"

ఆ నగరంలోని ప్రైవేటు ఆసుపత్రి ఆమెను హెడ్ నర్సుగా రమ్మంది. ఈ రోజే జవాబు చెప్పాలి. ఇక్కడేమో ఈ రోజే, పదిహేనేళ్ల సేవకు పతకం.

"వెళ్తున్నా."

"మరి మీ మనిషి? ఆయన్ని చూడకుండానే?"

ఆసుపత్రిలో అందరికీ తెలిసిన సంగతే. జెనోబియా పుట్టినప్పుడు తల్లికి రక్తం ఆగలేదు. ఆ కొండల్లో వెతికినా దొరకని గ్రూపు. ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడు రక్తమిచ్చి, తల్లీబిడ్డల్ని నిలబెట్టి వెళ్లాడు. ఇచ్చినవాళ్ల పేరు బయటపెట్టకూడదని ఆసుపత్రి రూలు.

అందుకే ఆమె నర్సయింది. ఆపరేషన్ వార్డుకు పంపుతామంటే వద్దంది. లాపాజ్‌లో మంచి ఉద్యోగం వస్తే కాదంది. ఏదో ఒక రోజు ఆయన మళ్లీ రక్తమివ్వడానికి వస్తాడని, ఆ గ్రూపును బట్టి పోల్చుకుని చేతులు ముద్దుపెట్టుకోవాలని, ఈ కిటికీకే బల్లిలా అతుక్కుపోయింది.

"ఇన్నేళ్లు చూశాను కదా, ఇక రాడు ఫెర్మీన్."

ఫోన్ తీసి సాంతాక్రూజ్ వాళ్లకి సరేనని చెప్పేసింది.

మధ్యాహ్నం పతకం ఇచ్చారు. అందరూ రంగురంగుల కాగితపు ముక్కలు ఆమె తలమీద పోసి కౌగిలించుకున్నారు. చివరగా అసుంతా సిస్టర్ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఆలస్యమైందే పిల్లా. గేటు దగ్గర ఒక పాత మనిషి తగిలాడు. చెప్పకూడదనుకో, అయినా రిటైరైనదానికి రూల్సేంటి? మీ అమ్మకి రక్తమిచ్చింది అతనే."

జెనోబియా ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఎక్కడ? ఎక్కడున్నాడు?"

"బస్సెక్కించే వస్తున్నా. ఎక్కడో దక్షిణాన గనుల్లో ఉంటున్నాడట. పేలుడులో పోయిన ఆ సగం చెవి చూసే గుర్తుపట్టాను."

జెనోబియా ఆవిడ చేతులు వదిలేసి గేటు వైపు చూసింది.

అసుంతా సిస్టర్ మాత్రం సంబరంగా చెప్పుకుపోతోంది.

"ఆ పసిబిడ్డ బతికిందా అనడిగాడు. బతకడమేంటయ్యా, ఆ కిటికీలో కూర్చున్నది ఆ పిల్లే, పోయి చూడు అన్నాను."

"ఏమన్నాడు?"

"'ఇప్పుడే చూసొచ్చా సిస్టర్! ప్రాణాలతో బేరాలాడేవాళ్లంటే ఆ తల్లికి ఎంత కోపమో, నేనిచ్చింది వృథా పోలేదు' అని కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కాడే."