డ్రైవరు గారి మోరిస్

"ఆగు దాదా, ఆగు!"

సుందర్ రాజు సైకిలుని గేటు దగ్గరే పడేసి లోపలికి పరుగెత్తాడు. తాల్‌బగీచా పేటలో అన్నమ్మ ఇంటి ఆవరణలో, పాత ఇనుము కొనే బెంగాలీ అతను మోరిస్ మైనర్ కారు తలుపు మీదికి సుత్తి ఎత్తాడు. కేక విని చెయ్యి దించకుండా అలాగే నిలబడిపోయాడు.

వరండాలోంచి అన్నమ్మ విసుక్కుంది. "ఎవుర్నువ్వు? నా కారుతో నీకేటి పని?"

"నా పేరు సుందర్ రాజు, ఆంటీ. రైల్వే వర్క్‌షాపులో డ్రాఫ్ట్స్‌మన్ని. దీన్ని సూడ్డానికే రోజూ ఇటు తిరిగి ఇంటికెల్తాను. ముక్కలు సేయించీకండి."

"సైకిలు మీద తిరిగీవోడివి, కారు గొడవ నీకెందుకు నాయనా?"

"సైకిలైనా కారైనా, గీసినోడి సెయ్యి సూస్తానాంటీ. ఆ బోనెట్టు నిమిరి సూడండి, ఎక్కడా అంచు తగల్దు. ముందద్దం కాడ నుంచి డిక్కీ దాకా ఒకటే గీత. అలాటి గీత ఒక్కటి గియ్యాలని ఎన్ని కాయితాలు పాడుసేసినానో!"

అన్నమ్మ కారు వైపు కాసేపు చూసింది.

"మా ఆయన పోయినకాడ నుంచి అలాగే పడుంది. పొద్దున్న లేస్తే కదలకుండా కళ్ళెదురుగా అదే. సూళ్ళేక అమ్మేస్తన్నాను."

"నేను నడిపిస్తే?"

"నడిస్తే అమ్మను. క్రిస్మస్‌కి దాన్లో చర్చికెల్లాల. నేకపోతే దాదాని మళ్ళీ పిలుస్తాను."

"ఠీక్ హై," అని దాదా సుత్తి సంచిలో పెట్టుకున్నాడు.

మర్నాడు సుందర్ రాజు తన స్నేహితుడు ఏలియాని వెంటపెట్టుకొచ్చాడు. ఏలియా వర్క్‌షాపులో ఫిట్టరు. సాయంత్రం డ్యూటీ దిగగానే ఇద్దరూ సైకిళ్ళ మీద వచ్చేవారు. సీట్లలో ఎలకలు గూళ్ళు కట్టాయి. ఇంజను బిగుసుకుపోయింది. ఎక్కడా దొరకని భాగాలకి సుందర్ రాజు బొమ్మ గీసిస్తే, గోల్ బజారులో లేతు మిషను ఉన్నతను చేసిపెట్టాడు.

అన్నమ్మ టీ ఇచ్చి అరుగు మీద కూర్చునేది. సుందర్ రాజు స్టీరింగుని గుడ్డతో తుడుస్తూ, "మెయిలు రైలు నడిపిన మీ ఆయన సొలొమోను గారి సెయ్యి పడింది దీని మీద. ఎంత దర్జాగా తిప్పీవోరో!" అనేవాడు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని ఖాళీ గ్లాసులు తీసుకునేది.

పండగ దగ్గరపడింది. రంగు మెరిసింది, సీట్లు కుదిరాయి, ఇంజను మాత్రం పలకలేదు. మిత్రులిద్దరికీ మరో ధ్యాస లేకుండా పోయింది.

క్రిస్మస్ పొద్దున్న ఏలియా ముందుకి వంగి హ్యాండిలు తిప్పాడు. కారు దగ్గింది. మళ్ళీ తిప్పాడు. ఒక్కసారిగా ఇంజను అందుకుని, బోనెట్టు సన్నగా వణికింది. సుందర్ రాజు కళ్ళు తడిశాయి.

తెల్ల పట్టుచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని అన్నమ్మ బయటికొచ్చింది.

"ఎక్కు, నడుపు," అన్నాడు ఏలియా సుందర్ రాజుతో.

"నేనా? నాకు సైకిలే వొచ్చు. నువ్వు నడుపుతావనుకున్నాను!"

"నేను వ్యాగన్లు బాగుసేసీవోణ్ణి. కారు నడపడం నాకేటొచ్చు?"

దూరంగా చర్చి గంట మోగుతోంది. సుందర్ రాజు తల దించుకున్నాడు.

"తప్పైపోనాది ఆంటీ. ఇంజను గొడవలో పడి ఇదొక్కటీ తోచనేదు. ఈ పూట సొలొమోను గారుంటే ఎంత బాగుండీదో! స్టీరింగు ఆయనే పట్టుకునీవోరు."

అన్నమ్మ బైబిలుని అతని చేతిలో పెట్టింది. కొంగు నడుంకి దోపింది. తలుపు తెరిచి స్టీరింగు ముందు కూర్చుని, కిందికి చూడకుండానే గేరు వేసింది.

"ఆయనా? ఆయనకి పట్టాలుంటేనే వొచ్చు నాయనా. రోజూ డ్యూటీకి దీన్లో లోకోషెడ్డు కాడ దింపింది నేనే. ఎక్కండి!"