పొలమారినప్పుడు

తర్క పరీక్ష పాసైతేనే ఉద్యోగం అన్న రోజుల్లో ప్రతి ఇంటి గోడకీ ఒక తప్పులపెట్టె వచ్చింది. ఎవరి మాటలో తర్కం తప్పినా ఠక్కున చెప్పేస్తుంది. తీసేద్దామంటే సర్కారు ఒప్పుకోదు. “మా ఇంట్లో పెట్టె చాలదా, ఇక్కడా మాట మాటకీ మార్కులేంటే అక్కా?” అని వకుళ ఇంటికి చెల్లెలు దమయంతి రావడమే మానేసింది.

ఆదివారం ఒక్కతే చారన్నం తింటుంటే వకుళకి పొలమారింది. తల మీద తట్టేవాళ్లు లేక తనే తట్టుకుంటూ, “ఎవరో తలుచుకుంటున్నారు,” అంది.

“తప్పు. పొలమారడానికి అది కారణం కాదు,” అంది పెట్టె.

వకుళ చేతిలో ముద్ద కంచంలో వదిలేసింది. “అయితే నన్నెవరూ తలుచుకోవడం లేదన్నమాట.”

“అదీ తప్పే. అలా అనడానికి ఆధారం లేదు.”

వకుళ మంచినీళ్లు తాగి గోడ వైపు తిరిగింది.

“ఏదీ, ఇంకోసారి చెప్పు,” అంది.